తడిగోనె సంగతి

మార్కాపురం, 1959 ఏప్రిల్ 6, సోమవారం

గది దొరికింది. ఒకటే కిటికీ, అదీ పడమటి వైపు. సాయంత్రం ఎండంతా వచ్చి నా మంచం మీదే పడుకుంటోంది.

కర్నూలు నుంచి తెచ్చిన ఫారాలు అరవై. పలకల కార్ఖానాలు, నూనె గానుగలు, బియ్యం మిల్లులు, కమ్మరి కొలుములు అన్నీ తిరగాలి. మొదటి మూడు భాగాల్లో పనివాళ్లు ఎందరు, యంత్రాలు ఎన్ని అని ఉంటుంది. అవి ఎవరైనా నింపగలరు. అసలు సంగతంతా నాలుగో భాగంలో ఉంది. గడిచిన మూడేళ్లలో కొత్త పనిముట్టుగానీ కొత్త పద్ధతిగానీ పెట్టారా? దాన్ని ఎవరు కనిపెట్టారు? పరీక్షించి చూశారా? ఎంత మేలు జరిగింది? రాష్ట్రం కొత్తది, ఏ మూల ఎవరి బుర్రలో ఏముందో తెలియాలి కదా అన్నాడు ఆఫీసరు.

ఫారం తెరిచే ముందు హామీ చదివి వినిపించాలి. మీరు చెప్పినది పన్నుల వాళ్లకుగానీ తోటి వ్యాపారస్తులకుగానీ తెలియనివ్వము, తెలియనిస్తే మాకు శిక్ష ఉంటుంది అని. నేను దాన్ని బాగా చదువుతాను. శిక్షణలో అందరికంటే బాగా చదివింది సత్యానందమే అని ఆఫీసరు పదిమందిలో అన్నాడు.

నాలుగేళ్లుగా టెంపరరీ. ఈ మే నెలాఖరుకు ఒక పోస్టు పర్మనెంటు చేస్తారట. ఏడుగురం కాచుకుని ఉన్నాం. గిద్దలూరులో అమ్మ మాత్రం నాకు పర్మనెంటు అయిపోయిందని ఇప్పటికే వీధంతా చెప్పేసింది.

ఏప్రిల్ 8, బుధవారం

లక్ష్మీనరసమ్మ గారి పలకల కార్ఖానా. భర్త పోయాక ఎనిమిదేళ్లుగా ఆమే నడుపుతోంది. ఊళ్లో పెద్ద కార్ఖానా పెద్దయ్యది, దాని తర్వాత ఈమెది. ఇద్దరికీ ఉప్పూ నిప్పూ.

నన్ను చూడగానే "పన్నులోడివా?" అంది.

కాదమ్మా, లెక్కలవాణ్ని అన్నాను.

"రెండూ ఒకటే గదా నాయనా."

హామీ చదివాను. ఇంకోసారి చదవమంది. చదివాను. "బయట చెప్తే శిక్ష ఎవురికి?" అని అడిగింది. నాకేనమ్మా అన్నాను. అప్పుడు నవ్వి, "ఏబేలూ, ఈ అబ్బాయికి ఎనక కొట్టం చూపీ" అని కేకేసింది.

ఏబేలు రాయి చీల్చే మేస్త్రీ. ఆమె దగ్గర పదకొండేళ్లుగా ఉన్నాడు, అంటే ఆమె భర్త ఉన్న రోజుల నుంచి. నా పేరు వినగానే నేనూ క్రైస్తవుణ్నేనని పోల్చి, "మనోళ్లే" అన్నాడు మెల్లగా.

కొట్టానికి తాళం ఉంది. లోపల గుంటలో గని నుంచి వచ్చిన రాతిదిమ్మలు, వాటి మీద తడి గోనెసంచులు. ఊళ్లో అందరూ దిమ్మలను ఎండలో పడేస్తారు. రోజులు గడిచేకొద్దీ రాయి బిగుసుకుపోతుంది. అప్పుడు ఉలి పెడితే పొరగా లేవకుండా ముక్కలైపోతుంది. తాగే నీళ్లకుండ కింద చెమ్మలో పడి ఉన్న ముక్క ఒకటి నెల తర్వాత కూడా చక్కగా చీలడం ఏబేలు చూశాడట. అక్కణ్నుంచి ఏడాదిన్నర పాటు గడ్డి కప్పి చూశాడు, మట్టిలో పూడ్చి చూశాడు, నీళ్లలో ముంచి చూశాడు. ఆఖరుకు తడిగోనె, నీడ.

"నీళ్లల్లో నానబెట్టేది కాదు సారూ, తడి ఆరకుండా ఉండాల, అంతే. బిడ్డకు జొరమొస్తే నుదుటిమీద గుడ్డ ఏస్తామే, అట్ల."

అంతకుముందు పది దిమ్మల్లో నాలుగు పాడయ్యేవి, ఇప్పుడు ఒకటి. నా కళ్లముందే ఒక దిమ్మ చీల్చాడు. తమలపాకు కట్టలోంచి ఆకు తీసినట్టు పొర వచ్చింది. మూడో తరగతి చదివిన మనిషి. ఇది పరిశోధన కాకపోతే మరేది పరిశోధన? నాకు ఒళ్లు పులకరించింది.

ఎవరు కనిపెట్టారు అన్నచోట ఏబేలు పేరు రాయబోతే ఆమె ఆపింది. "కార్ఖానా పేరు రాయి నాయనా. కూలి ఇచ్చేది కార్ఖానా గదా." అలాగే రాశాను. ఏబేలు ఉలి తీసుకుని పనిలోకి పోయాడు.

"ఈ సంగతి గడప దాటిందంటే పెద్దయ్య నన్ను బతకనియ్యడు" అంది నేను లేచేటప్పుడు. భయపడకండి అన్నాను.

నాలుగో భాగం నిండిన మొదటి ఫారం. గదికి వచ్చి రెండుసార్లు చదువుకున్నాను.

ఏప్రిల్ 9

ఎండ. నాలుగు చోట్లకు వెళ్లాను. నాలుగు చోట్లా "కొత్తదేమీ లేదు."

ఏప్రిల్ 11, శనివారం

ఆఫీసరు నుంచి కార్డు. నీ ఫారాల్లో ఒక్కదాంట్లో తప్ప నాలుగో భాగం ఖాళీగా ఉంది, నంద్యాల వైపు వెళ్లినతను అన్నీ నింపి పంపుతున్నాడు, జనానికి ప్రశ్న అర్థం కాకపోతే ఉదాహరణలు చెప్పి రాబట్టు అని. "ఉదాహరణలు" కింద గీత గీశాడు.

నంద్యాల వైపు వెళ్లినతను సొంతంగా కల్పించి రాస్తాడు. నాకు తెలుసు. ఆఫీసరుకే తెలియదు.

ఏప్రిల్ 13, సోమవారం

పెద్దయ్య కార్ఖానా. మంచి మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు, మజ్జిగ ఇప్పించాడు. హామీ చదువుతుంటే చేతులు కట్టుకుని విన్నాడు. మొదటి మూడు భాగాలు అరగంటలో అయిపోయాయి.

నాలుగో భాగానికి వచ్చేసరికి మామూలే. "కొత్త పద్ధతంటే ఏంది సారూ? మా తాత చీల్చినాడు, మా నాయన చీల్చినాడు, నేనూ చీల్పిస్తాండా. దీంట్లో కొత్తేముంది?"

ఉదాహరణలు చెప్పాను. మూడు చెప్పాను. చెక్క చట్రానికి వార్నీషు. కోతకు మోటారు రంపం. మూడోది, దిమ్మలను ఎండకు పెట్టకుండా తడిగోనెతో కప్పి ఉంచడం లాంటివి అన్నాను. "లాంటివి" అనే అన్నాను. ఎవరి పేరూ చెప్పలేదు. ఏ ఊరో కూడా చెప్పలేదు.

ఆయన మొదటి రెండింటి గురించి ఏమీ అడగలేదు. ఇంకో గ్లాసు మజ్జిగ పోయించి "పొద్దుకెన్నిసార్లు తడపాల?" అన్నాడు. తడి ఆరకుండా చూసుకుంటే చాలు అన్నాను. అడిగినదానికి బదులు చెప్పడం మర్యాద.

ఆలోచనలో ఉంది అని రాసుకోమన్నాడు. నాలుగో భాగం నిండింది.

ఏప్రిల్ 14

ఎవరి పేరూ చెప్పలేదు.

ఏప్రిల్ 18, శనివారం

కంభంలో మూడు రోజులు. నూనె గానుగలు, ఒక బెల్లం తయారీ. చెరువు గాలికి ప్రాణం లేచొచ్చింది. అక్కడ నేను ఉదాహరణలుగా వార్నీషు, మోటారు రంపం మాత్రమే చెప్పాను. గానుగవాడికి రంపం ఎందుకని అడిగాడు ఒకాయన, నిజమే.

ఏప్రిల్ 20, సోమవారం

సంత దగ్గర పెద్దయ్య బండి ఎదురైంది. బండి నిండా పాత గోనెసంచులు. గోనెసంచులు ఎవరైనా కొంటారు. వేరుసెనక్కాయలకు కొంటారు, మిరపకాయలకు కొంటారు.

ఇది వేరుసెనగ కాలం కాదు.

ఏప్రిల్ 22, బుధవారం

లక్ష్మీనరసమ్మ గారి కార్ఖానా ముందు జనం. నేను పోస్టాఫీసుకు వెళ్తూ ఆగాను.

పెద్దయ్య పెరట్లో తడిగోనెలు కప్పిన దిమ్మలు ఉన్నాయని ఆమెకు తెలిసింది. జూన్‌లో బళ్లు తెరిచేనాటికి పలకలు పంపే బేరం ఒకటి అప్పుడే ఆయన వైపు తిరిగిందట. ఏబేలు భార్య తమ్ముడు పెద్దయ్య దగ్గరే పని చేస్తాడు. ఇంకేముంది, ఆమెకు వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

"కొట్టం తాళం ఇద్దరి దగ్గరే ఉండాది. నా దగ్గర, నీ దగ్గర. నేను చెప్పలా. మరి ఎవురు చెప్పినారు?" అంటోంది. కోపం కంటే ఏడుపే ఎక్కువ ఉంది ఆ గొంతులో.

"నాకు తెలీదమ్మా. నేను చెప్పలేదు" అన్నాడు ఏబేలు. అదే మాట నాలుగుసార్లు అన్నాడు.

ఆమె ఒకసారి నా వైపు చూసింది. "చూసినావా నాయనా, అన్నం పెట్టిన చేతినే కరిసినాడు" అంది. నన్ను అనుమానించడం కాదు, నాతో చెప్పుకోవడం. తల ఊపాను. ఎందుకు ఊపానో దేవుడికే తెలియాలి.

ఏప్రిల్ 24, శుక్రవారం

గుడి ముందు ప్రమాణం పెట్టారు. ఈ ప్రాంతంలో దొంగతనం తేల్చే పద్ధతి ఇదే. అరచేతిలో కర్పూరం వెలిగించుకుని, నేను ఆ తప్పు చేయలేదని పలికి, ఆర్పాలి. అబద్ధం ఆడినవాడు ఏడాది తిరగకుండా పోతాడని నమ్మకం. ఆర్పినవాడిని ఆపైన ఎవరూ పల్లెత్తు మాట అనరు.

లక్ష్మీనరసమ్మ గారు అన్న మాట న్యాయంగానే ఉంది. "కర్పూరం ఆర్పు. ఇంక నేను ఒక్క మాట అనను. రేపటి నుంచి పనిలోకి రా."

ఏబేలు రుమాలు తీసి చేత పట్టుకుని నిలబడ్డాడు. "మాకు ఒట్టు పెట్టే ఆచారం లేదమ్మా. మీ దేవుడిమీదా పెట్టకూడదు, మా దేవుడిమీదా పెట్టకూడదు. చెప్పలేదంటే చెప్పలేదు."

జనంలోంచి గొల్లున ఒక కేక లేచింది. తప్పు చేసినవాడే కర్పూరానికి భయపడతాడు అన్నారు. ఆమె మొహం తిప్పుకుంది. తాళంచెవి అడిగి తీసుకుంది.

ఏ దేవుడి మీదా ఒట్టు పెట్టవద్దన్నది మా చర్చి బోధ, ఆ గుంపులో అది తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. మా నాయన కోర్టులో సాక్ష్యానికి వెళ్లి, ఒట్టు పెట్టనని చెప్పి, జడ్జీ చేత చీవాట్లు తిన్నాడు. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

ఏప్రిల్ 25

రాయడానికి ఏమీ లేదు.

ఏప్రిల్ 26, ఆదివారం

ఆరాధన అయ్యాక ఏబేలు చెట్టు నీడకు పిలిచాడు. బయట సారూ అనే మనిషి చర్చి ఆవరణలో తమ్ముడా అంటాడు.

"తమ్ముడా, నువ్వు చదువుకున్నోడివి. ఆమె కాడికి పోయి మన ఒట్టు సంగతి చెప్పు. భయపడి కాదు, ఆచారం లేక అని. నేను చెప్తే ఎవురూ ఇనరు. నువ్వు సర్కారు మనిషివి."

చెప్తానన్నాను. ఆ మాట చెప్పడంలో తప్పేమీ లేదు. అది వేరు, ఇది వేరు.

"ఎవురు చెప్పినారో ఆలోచించి ఆలోచించి తల పగిలిపోతాంది. గాలికి చెవులుండాయా?" అన్నాడు.

ఏప్రిల్ 28, మంగళవారం

లక్ష్మీనరసమ్మ గారికి ఒట్టు సంగతి చెప్దామని బయల్దేరి మెయిన్ బజారు దాకా వెళ్లాను. ఎండదెబ్బ తగులుతుందేమో అనిపించి వెనక్కి వచ్చాను. అప్పటికి పొద్దున ఎనిమిది గంటలే.

నియమాల పుస్తకం తీసి చదివాను. ఒక ఫారంలోని సంగతి ఇంకొకరికి తెలిపిన ఉద్యోగిని వెంటనే తొలగించవచ్చు, శిక్షించవచ్చు. ఉదాహరణగా చెప్పినదాని గురించి అందులో ఏమీ లేదు. రెండుసార్లు వెతికాను.

ఏప్రిల్ 30, గురువారం

పెద్దయ్య బజారులో ఎదురై నా చేయి పట్టుకుని ఊపాడు. "సారూ, మీ ఉదాహరణ మా బాగుండాది. పదికి తొమ్మిది నిలుస్తాండాయి. మీలాంటోళ్లు ఊరికొకరు ఉండాల." పక్కనే సోడా కొట్టువాడు వింటున్నాడు. చెయ్యి విడిపించుకుని ఇంచుమించు పరుగెత్తాను.

ఆయన నవ్వులో ఎగతాళి లేదు. అదే భరించలేకపోతున్నాను. నిజంగానే మెచ్చుకున్నాడు.

చెప్పింది నేనే. రాస్తున్నాను, ఇక్కడైనా. చెప్పింది నేనే.

మే 2, శనివారం

ఆఫీసరు ఉత్తరం. మార్కాపురం ఫారాలు జిల్లాకే ఆదర్శంగా ఉన్నాయట. పర్మనెంటు పోస్టుకు నా పేరొక్కటే పైకి పంపాడట. నెలాఖరులోగా ఆర్డరు.

ఎన్నాళ్లు కలగన్న ఉత్తరం. దిండు కింద పెట్టాను. మళ్లీ తీసి పెట్టెలో పెట్టాను. కళ్లకు కనబడకుండా ఉంటే మేలనిపించింది.

నెలాఖరు దాకా ఆగితే? ఆర్డరు చేతికొచ్చాక చెబితే? ఏబేలుకు ఇరవై ఎనిమిది రోజులు, అంతే కదా.

మే 4, సోమవారం

ఏబేలు భార్య పుష్పమ్మ వచ్చింది. గడప బయటే నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

ఊళ్లో ఏ కార్ఖానా ఏబేలును రానివ్వడం లేదు. ఒక యజమాని గుట్టు అమ్మినవాడు రేపు మా గుట్టు అమ్మడా అంటున్నారు. పెద్దయ్య కూడా అదే అన్నాడట, ఆయనకు నిజం తెలిసి కూడా! అందుకని నాగార్జునసాగరం కట్టే చోటికి వెళ్లిపోతున్నారు, రాతిపనికి. అక్కడి మేస్త్రీ ఇదివరకటి యజమాని దగ్గర నుంచి మంచివాడని కాగితం తెమ్మంటున్నాడు. లక్ష్మీనరసమ్మ గారు ఇవ్వదు.

"నువ్వు రాసియ్యి సారూ. సర్కారోళ్ల చేతిరాతంటే నమ్ముతారు. మా ఆయన దొంగ కాదని రాయి."

కాగితం తీశాను. నా చేతిరాత అందంగా ఉంటుందని అందరూ అంటారు. ఈరోజు అక్షరాలు కుదరలేదు, రెండు కాగితాలు పాడు చేశాను. నేను రాస్తుంటే ఆమె తనలో తాను అనుకుంటున్నట్టు చెప్పింది.

"ఆ గోనెల సంగతి నాకు కూడా చెప్పలా సారూ. వారం వారం గోనెలు ఉతకను తెస్తాడు. ఇన్ని గోనెలు ఎందుకయ్యా అంటే నోరు తెరవడు. అమ్మ చెప్పొద్దనింది అంటాడు. మొగుడూ పెళ్లాల మధ్య దాపరికమేందని అలిగినా. అయినా చెప్పలా."

ఏడాదిన్నర పైగా ఆ మనిషి పక్కనున్న భార్యకు చెప్పలేదు. నేను ఒక గ్లాసు మజ్జిగకు చెప్పాను.

నాకు తెలిసినంతలో ఏబేలు నమ్మదగిన మనిషి అని రాసి, కింద పేరు, హోదా రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. ఆమె దణ్ణం పెట్టింది. నాకు దణ్ణం పెట్టింది. తలుపు వేసుకుని ఏడ్చాను.

వాళ్ల బస్సు గురువారం.

మే 6, బుధవారం

పొద్దున్నే ఆఫీసరుకు ఉత్తరం రాసి డబ్బాలో వేశాను. జరిగిందంతా రాశాను. ముందు ఆ పని చేయాలి. లేకపోతే బజారు దాకా వెళ్లి మళ్లీ తిరిగొస్తానని నన్ను నేను ఎరుగుదును.

డబ్బాలో పడిన చప్పుడు వినగానే అమ్మ మొహం కళ్లముందు కదిలింది. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల అని అమ్మే అనేది.

లక్ష్మీనరసమ్మ గారు పలకలు కట్టలు కట్టిస్తోంది. అందరినీ బయటకు పంపండమ్మా అన్నాను. పంపింది. నిలబడే చెప్పాను. పెద్దయ్యకు చెప్పింది ఏబేలు కాదు, నేను అన్నాను. ఎలా చెప్పానో, ఎందుకు చెప్పానో, మజ్జిగతో సహా చెప్పాను.

కొడుతుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. చేతిలోని పురికొస వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"నువ్వా" అంది చివరికి. "అట్లనా. నువ్వు చెప్తాండావు కాబట్టి నిజమే అయ్యుంటది. చదువుకున్నోడివి, ఉద్యోగం పోయే మాట అబద్ధం చెప్తావా?"

ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ఒక్క నిమిషంలో నమ్మేసింది.

"పాపం చేసినా నాయనా" అంది. కళ్లు తుడుచుకుంది. "పో, ఏబేలును పిలుచుకోని రా. తాళంచెవి ఇచ్చేస్తానని చెప్పు. మేస్త్రీతనం మళ్లా ఆయనదే అని చెప్పు. నేనే వచ్చేదాన్ని, మొహం చెల్లలా."

చీకటి పడే దాకా వాళ్ల వీధిలోనే తిరిగాను. ఇల్లు తాళం వేసి ఉంది. బంధువుల దగ్గర చెప్పి రావడానికి కొనకనమిట్ల పోయారట, పొద్దున బస్సు వేళకు నేరుగా వస్తారట.

మే 7, గురువారం

బస్టాండుకు ఐదింటికే వెళ్లాను. మాచర్ల బస్సు ఆరింటికి. వాళ్లు మూటలతో ఒక పక్కన కూర్చుని ఉన్నారు. ఏబేలు ఉలులు గోనెగుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు.

రాత్రంతా కూర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. ఎదురుగా నిలబడి, అన్నా, పెద్దయ్యకు చెప్పింది నేనే అన్నాను.

పుష్పమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏబేలు నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. కోపం వస్తుందేమోనని చూశాను. వస్తే బాగుండేది.

"నువ్వా" అన్నాడు. లక్ష్మీనరసమ్మ గారు అన్నట్టే అన్నాడు. "అందుకా ఆదివారం నా మొహం చూడలేకపోతివి."

నిన్న ఆఫీసరుకు రాశాను, లక్ష్మీనరసమ్మ గారికి అంతా చెప్పేశాను, ఆమె ఏడ్చింది, రమ్మంది, తాళంచెవి ఇస్తానంది, బస్సు ఎక్కొద్దు అన్నాను. ఒక్క ఊపిరిలో చెప్పాను. పుష్పమ్మ అప్పుడే ఒక మూట మీద చెయ్యి వేసి భర్త వైపు చూస్తోంది, లేద్దామా అన్నట్టు.

ఏబేలు లేవలేదు. "నువ్వు చెప్తానే నమ్మిందా?"

నమ్మింది అన్నాను.

"కర్పూరం ఆర్పమన్లేదా?"

లేదు అన్నాను.

"మనిద్దరిదీ ఒకటే చర్చి. నాకు లేని ఒట్టు నీకూ లేదు. నిన్ను అడగనే లేదు, చూడు." గొంతు పెంచలేదు. పొద్దుటి గాలికి తుండు భుజాల మీదికి లాక్కున్నాడు. "పదకొండేండ్లు ఆమె కండ్ల ముందర పని చేసినా. చెప్పలేదమ్మా అని ఎన్నిసార్లు అన్నానో నువ్వే ఇంటివి. నమ్మలా. నువ్వు వచ్చి నెలే అయింది, ఒక మాట అన్నావు, నమ్మింది. ఆమె ఇప్పుడు నమ్మింది నిన్ను సారూ. నన్ను ఇంకా నమ్మలా."

తప్పు నాది, ఆమెది కాదు అన్నాను.

"నీది నీకుంది. అది నీ ఉద్యోగంతో పోతాది." ఉలుల మూట చంకన పెట్టుకుని లేచాడు. "రేపు ఇంకోటి పోతాది ఆ కార్ఖానాలో. ఒక పలక పోతాది, ఒక గొడ్డలి పోతాది. మళ్లా కర్పూరం తెస్తారు. అప్పుడు నువ్వు యాడుంటావు?"

బస్సు వచ్చింది. మూటలు నేనే పైకి అందించాను, వద్దనలేదు. పుష్పమ్మ ఎక్కింది. ఏబేలు మెట్టు మీద కాలు పెట్టి ఆగాడు. మనసు మారిందేమో అనుకున్నాను.

"ఆ రోజు నువ్వు రాసిచ్చిన కాగితం" అన్నాడు. "చించి నీ మొహాన కొట్టాలని ఉండాది సారూ. కొట్టలేను. ఆడ కూడా నా నోటిమాట ఎవురు నమ్ముతారు?"

చొక్కా జేబు తడిమి కాగితం ఉందో లేదో చూసుకున్నాడు. ఉంది. లోపలికి వెళ్లి భార్య పక్కన కూర్చున్నాడు.